కండరాల నొప్పులు – విటమిను బిళ్ళలు

(రాజపాళయములో ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఉగాదినాడు మన సభలో లేచి మాట్లాడేవారు సాధారణముగా మూడు విషయాలలో ఏదో ఒకటి ఎత్తుకొంటారు. మన పెద్దలు విజయనగర ప్రభువుల నాటి నుండి ఆంధ్రదేశము విడిచి ఈ దక్షిణ సీమకు ఎట్లా వచ్చి స్థిరపడ్డారో చెపుతారు. లేదా, ఇంట్లో తెలుగు, బడిలో తమిళముగా పెరుగుతున్న మన పిల్లలకు నాలుగు అక్షరాలు ఎట్లా నేర్పవలెనో చెపుతారు. అదీ కాకపోతే పంచాంగ శ్రవణము ఉండనే ఉన్నది. ఈ మూడింటికీ మాకన్న అర్హులైనవారు ఈ వేదికమీదనే ఉన్నారు. మేము బ్రతుకంతా బడి ఆటస్థలములో ఈల ఊదుతూ గడిపినవాళ్ళము. మాకు తెలిసినది ఒంటి సంగతి. అందుచేత అదే మాట్లాడతాము.

ఈ ఊళ్ళో ఉగాదికీ, ఒంటినొప్పులకూ ఒక చుట్టరికము కలదు. ఉగాది అమావాస్య మరునాడు వచ్చే పండుగ. అమావాస్యకు చతురగిరి మహాలింగస్వామి దర్శనమునకు తాణిపారై నుండి కొండ ఎక్కేవారు మనలో చాలామంది ఉన్నారు. నిన్న ఎవరెవరు కొండకు వెళ్ళి వచ్చారో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ మంటపము మెట్లు ఎక్కి దిగేటప్పుడు చూశాము. కొందరు గోడ పట్టుకొన్నారు, కొందరు పక్కవారి భుజము పట్టుకొన్నారు. ఒకరిద్దరు పిల్లలు పీటమీద కూర్చోలేక నిలబడే ఉగాది పచ్చడి తిన్నారు!

నవ్వులాటకు అన్నాము గాని, మేము మాట్లాడదలచిన విషయము ఇదే. శ్రమ చేసిన కండరము ఎందుకు నొప్పి పుడుతుంది? అది ఎట్లా తేరుకొంటుంది? తొందరగా తేరుకొనేందుకు అని మందుల అంగళ్ళలోనూ, కసరత్తు శాలలలోనూ అమ్ముతున్న విటమిను బిళ్ళలు నిజముగా పనిచేస్తాయా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములో నుండి రాలేదు, ఇంట్లో నుండి వచ్చింది. మా తమ్ముని కూతురి కొడుకు పోలీసు ఉద్యోగమునకు తయారవుతున్నాడు. 1500 మీటర్ల పరుగు అతనికి గండము. తెల్లవారు జామున లేచి పరుగెత్తేవాడు, సాయంత్రము బరువులు ఎత్తేవాడు. ఒళ్ళు నొప్పులని మూలిగితే, కసరత్తు శాలలో ఎవరో రెండు డబ్బాలు చేతిలో పెట్టారు. ఒకటి సి విటమిను, ఒకటి ఇ విటమిను. ‘ఇవి వేసుకొంటే నొప్పి రాదు, కండ త్వరగా కట్టుకొంటుంది’ అన్నారట. బిళ్ళలకు నెలనెలా డబ్బు కావలసి వచ్చింది. ఇంట్లో పెరిగే ఖర్చు ఎక్కడో తగ్గాలి కదా! ఆరు నెలల తరువాత మేము వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసింది ఏమంటే, బిళ్ళలు కొనటానికి ఆ పిల్లవాని సాయంత్రపు పాలూ, గుడ్డూ మానిపించారు. ‘బిళ్ళలోనే అంతా ఉన్నదట కదా, పెదనాన్నా’ అన్నది మా అమ్మాయి. ఆమెను తప్పు పట్టటానికి మాకు నోరు రాలేదు. కొడుకు బాగుపడాలనే కదా ఆమె తాపత్రయము! కాని ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తెలిసిన వైద్యులను అడిగి, చదవగలిగినంత చదివి, తెలుసుకొన్నది ఈనాడు మీ ముందు పెడుతున్నాము.

ముందు నొప్పి సంగతి చూద్దాము. మేము బడిలో పనిచేసిన రోజులలో పిల్లలకు ఒక పాఠము చెప్పేవాళ్ళము. కసరత్తు చేస్తే కండరములో లాక్టికామ్లము పేరుకొంటుంది, దానివల్ల మరునాడు నొప్పి పుడుతుంది అని. అది పొరపాటు. ఇన్నేళ్ళు తప్పు చెప్పినందుకు ఈ సభలో ఉన్న మా పాత విద్యార్థులు క్షమించాలి. పరుగు ఆపిన ఒకటి రెండు గంటలలోనే ఆ ఆమ్లము రక్తములో మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి మాత్రము మరునాడు మొదలై, రెండవనాడో మూడవనాడో శిఖరమునకు చేరి, వారము లోపల పోతుంది. దొంగ ఊరు దాటిపోయిన మరునాడు జరిగిన దొంగతనమును అతనికి అంటగట్టగలమా?

అమెరికాలో థియోడర్ హఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1902లోనే ఈ ఆలస్యపు నొప్పిని గురించి వ్రాశాడు. కండరపు పోగులలోపల కలిగే సన్నని చిరుగులవల్ల అది వస్తుందని ఆయన అనుమానించాడు. తరువాతి పరిశోధనలు ఆ దారినే బలపరచినవి. కొండ ఎక్కేటప్పుడు మనకు ఆయాసము వస్తుంది. కాని మరునాటి నొప్పికి విత్తనము పడేది దిగేటప్పుడే. దిగేటప్పుడు తొడ ముందు కండరము ఒంటి బరువును మోస్తూనే సాగవలసి వస్తుంది. బావిలోకి నిండు బిందెను నెమ్మదిగా దింపేవాని చేతిలో తాడు జారుతూనే బిగిసి ఉన్నట్లు, కండరము బిగుసుకొని ఉండగానే పొడుగవుతుంది. ఆ ఒరిపిడిలో సూక్ష్మమైన పోగులు అక్కడక్కడ చిట్లుతాయి. అప్పుడు ఆ చోటికి రక్తములోని తెల్లకణములు వస్తాయి, వాపు పుడుతుంది, నొప్పి తెలుస్తుంది. చెత్త ఎత్తి, చిట్లినచోట కొత్త పోగు వేసే పని మొదలవుతుంది. కండరపు పోగుల అంచున నిద్రపోతున్నట్లు పడి ఉండే కొన్ని కణములను మౌరో అనే శాస్త్రజ్ఞుడు 1961లో గుర్తించాడు. దెబ్బ తగిలినప్పుడు మేలుకొని కండను బాగుచేసేవి అవే.

ఇక విటమినుల సంగతి. మనము పీల్చే ప్రాణవాయువే కణములలో ఇంధనమును మండించి శక్తినిస్తుంది. మంట ఉన్నచోట నిప్పురవ్వలు ఎగరటము సహజము. అటువంటి రవ్వలనే ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి పక్కనున్న కొవ్వునూ, మాంసకృత్తులనూ తాకి పాడుచేయగలవు. కసరత్తు చేసినప్పుడు ఇవి కండరములో పెరుగుతాయని 1982లో అమెరికాలో జంతువులమీద చేసిన పరిశోధనలో తేలింది. ఈ రవ్వలను ఆర్పే పదార్థములకు యాంటీ ఆక్సిడెంట్లు అని పేరు. సి విటమిను, ఇ విటమిను, క్యారట్టులో ఉండే బీటా కెరోటిను ఆ జాతివి.

అమ్మేవారి తర్కము ఇక్కడ మొదలవుతుంది. కసరత్తు చేస్తే రవ్వలు పుడతాయి, రవ్వలు కండరమును కాలుస్తాయి, బిళ్ళ రవ్వలను ఆర్పుతుంది, కాబట్టి బిళ్ళ మింగితే నొప్పి తగ్గుతుంది, కండ త్వరగా తేరుకొంటుంది అని. వినటానికి ఎంత సొంపుగా ఉన్నదో చూడండి. ప్రతి మెట్టూ నిజములాగే కనబడుతుంది. కాని మెట్లన్నీ సరిగా ఉన్నా మేడ లేకపోవచ్చును. మేడ ఉన్నదో లేదో ఎక్కి చూస్తేనే తెలుస్తుంది.

ఎక్కి చూసినవారు చాలామంది ఉన్నారు. దానికి ఒక పద్ధతి కలదు. కొందరిని పోగుచేసి, చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు అసలు బిళ్ళ, రెండవ జట్టుకు అదే రంగు, అదే రుచి గల ఉత్తుత్తి బిళ్ళ ఇస్తారు. ఎవరు ఏది మింగుతున్నారో వారికి తెలియదు. అందరిచేతా ఒకే కసరత్తు చేయించి నొప్పి కొలుస్తారు. బిళ్ళమీది నమ్మకము వల్లనే నొప్పి తగ్గినట్లు అనిపించటము మనుష్య స్వభావము కనుక ఇంత జాగ్రత్త. ఇటువంటి 50 పరీక్షల ఫలితములను ఒకచోట చేర్చి, కాక్రేన్ సంస్థ వారు 2017లో ఒక సమీక్ష ప్రకటించారు. మొత్తము 1089 మంది పాల్గొన్న పరీక్షలు అవి. ఆరు గంటలకు, ఒకరోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు నొప్పి ఎంత ఉన్నదో చూశారు. యాంటీ ఆక్సిడెంట్లు తీసుకొన్నవారికి ఉత్తుత్తి బిళ్ళ మింగినవారికంటె నొప్పి ఏ కొంచెము తగ్గినా, ఆ తేడా మనిషికి తెలిసేటంత కూడా లేదు. ఆ పరీక్షలన్నింటిలో ఇచ్చిన మోతాదు రోజువారీ అవసరముకన్న ఎక్కువే. తక్కువ ఇచ్చారు కాబట్టి పనిచేయలేదు అనటానికి వీలు లేదు. ఒక లోపము మాత్రము చెప్పవలెను. ఆ 1089 మందిలో స్త్రీలు 128 మందే. మన తల్లుల, అక్కచెల్లెళ్ళ ఒళ్ళు నొప్పులను గురించి శాస్త్రము ఇంకా తగినంత పట్టించుకోలేదు. ఇంటి పనికి లెక్కలేనట్లే దీనికీ లెక్కలేదు!

సరే, మేలు లేదు, కీడు కూడా లేదు కదా, మింగితే ఏమి పోయింది అని అడగవచ్చును. ఇక్కడే ఈ కథ మలుపు తిరుగుతుంది.

2009లో జర్మనీలో ఒక పరీక్ష చేశారు. ఆరోగ్యవంతులైన యువకులచేత నాలుగు వారాలు కసరత్తు చేయించారు. కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల సి విటమిను, 400 యూనిట్ల ఇ విటమిను ఇచ్చారు. కసరత్తువల్ల కలిగే గొప్ప మేలు ఒకటి, శరీరము ఇన్సులినుకు లొంగటము. చక్కెర వ్యాధి దరిచేరకుండా కాపాడేది అదే. బిళ్ళలు మింగనివారిలో ఆ మేలు కనబడింది. మింగినవారిలో కనబడలేదు! అంతకు ముందు సంవత్సరము, 2008లో, స్పెయిన్ దేశములో రోజుకు ఒక గ్రాము సి విటమిను ఇచ్చి చూసినప్పుడు, కసరత్తువల్ల కండరములో పెరగవలసిన శక్తి పొయ్యిలు, అనగా మైటోకాండ్రియా, పెరగటానికి అది అడ్డుపడినట్లు తేలింది. 2014లో నార్వేలో 54 మంది స్త్రీ పురుషులచేత పదకొండు వారాలు సాధన చేయించినప్పుడు కూడా కండరములో అదే గుర్తు కనబడింది. న్యాయముగా మరొక మాట చెప్పాలి. నార్వే పరీక్షలో బిళ్ళలు మింగినవారూ, మింగనివారూ దమ్ము పెంచుకోవటములో సమానముగానే ముందుకు వెళ్ళారు. కాబట్టి బిళ్ళ మింగితే సాధన మొత్తము బూడిదలో పోసినట్లే అని మేము భయపెట్టము. సాధనకు అది తోడ్పడిన జాడ లేదు, కొంత అడ్డుపడిన జాడ మాత్రము ఉన్నది అనటమే సరియైన మాట.

ఎందుకు అట్లా జరుగుతుంది? మన ఊరివాళ్ళకు ఇది చెప్పటము సులభము. నూలు మిల్లుల నీడలో పెరిగినవాళ్ళము మనము. తెల్లవారు జామున మిల్లు సైరను మోగితే, ‘పాడు కూత, నిద్ర చెడగొట్టింది’ అని విసుక్కోని ఇల్లు ఉన్నదా? కాని ఆ కూత వినబడితేనే షిఫ్టు మనుషులు లేచి వస్తారు. సైరను నోటికి గుడ్డ కట్టామనుకోండి. నిద్ర హాయిగా ఉంటుంది, మిల్లు మాత్రము తిరగదు. కసరత్తు చేసినప్పుడు పుట్టే ఆ నిప్పురవ్వలు కొంతవరకు ఆ సైరను వంటివి. ‘ఇక్కడ పని పడింది, పొయ్యిలు పెంచండి, కాపలా పెంచండి’ అని కణమునకు కబురు చెప్పేవి అవే. ఆ కబురు అందిన కణము తన సొంత యాంటీ ఆక్సిడెంట్లను తానే ఎక్కువగా తయారుచేసికొంటుంది. పెద్ద మోతాదు బిళ్ళ ఆ కబురును మధ్యలోనే మింగివేయవచ్చును. రవ్వలు మరీ ఎక్కువైతే చెరుపే. కాని నిత్యసాధన చేసే ఆరోగ్యవంతుని శరీరము ఆ లెక్క చూసుకోగలదు.

ఇంతవరకు విని, ఈ పెద్దమనిషి విటమినులకు శత్రువు అనుకొనేరు! అట్లా అనుకొంటే ఒక మహానుభావుని అవమానించినవాళ్ళము అవుతాము. ఆయన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికా వెళ్ళిన తెలుగు బిడ్డ. కండరములో అప్పటికప్పుడు వాడుకొనేందుకు దాచిపెట్టిన శక్తి ఒకటి కలదు. దాని పేరు ఫాస్ఫోక్రియాటిను. పిల్లవాడు పరుగు పందెములో మొదటి కొన్ని క్షణాలు దూకేది ఆ శక్తితోనే. 1927లో హార్వర్డులో ఫిస్కెగారితో కలిసి దానిని లోకమునకు తెలియజేసినవారు సుబ్బారావుగారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధక బృందము ఫోలికామ్లము అనే విటమినును తయారు చేసింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరుని పొట్టన పెట్టుకొన్నది. ఆ వ్యాధికి ఫోలికామ్లము మందయింది. 1948లో పరదేశములోనే ఆయన కన్నుమూశారు. కండరపు శక్తినీ, విటమినునూ రెండింటినీ శోధించిన చేయి ఒక తెలుగువాని చేయి అని మన పిల్లలకు ఈ పండుగనాడు చెప్పాలి. ప్రవాసాంధ్రుల సంచికలో ఆయన పేరు లేకపోతే వెలితి.

ఆయన జీవితము మనకు చెప్పేది ఏమిటి? లోపము ఉన్నచోట విటమిను అమృతము. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ జబ్బుతో తీసుకొంటున్న పన్నెండుమంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి తలా ఒక చికిత్స చేసినప్పుడు, నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరే చకచక కోలుకొన్నారు. ఆ పండ్లలో ఉన్నది సి విటమిను అని తేలటానికి ఇంచుమించు రెండు వందల ఏళ్ళు పట్టింది. దానిని వేరుచేసిన హంగెరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జికి 1937లో నోబెలు బహుమతి వచ్చింది. మన ఊరి పేరు మోసిన వేటకుక్కను చూడండి. అది ఏ నిమ్మకాయా తినదు, ఏ బిళ్ళా మింగదు. తనకు కావలసిన సి విటమిను తన కాలేయములోనే చేసికొంటుంది. మనిషికీ, కోతికీ ఆ శక్తి లేదు. మనము తిని తీరాలి. కాని ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము రోజుకు మగవారికి 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలును. ఈ సంస్థ 1918లో మన పక్కనున్న నీలగిరులలోని కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి వెళ్ళినదే. అంగడిలో దొరికే ఒక సి విటమిను బిళ్ళలో సాధారణముగా 500 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఒక మగవానికి ఆరు రోజుల గ్రాసము! రోజుకు 200 మిల్లీగ్రాములు దాటిన తరువాత రక్తములో దాని పాలు పెద్దగా పెరగదు. మిగిలినది మూత్రములో పోతుంది. నిండిన బిందెలో ఎంత పోసినా గడపే తడుస్తుంది. రెండు వేల మిల్లీగ్రాములు మించితే విరేచనాలు పట్టుకోవచ్చును. మూత్రపిండములలో రాళ్ళు వచ్చే తత్వము ఉన్నవారికి పెద్ద మోతాదు మంచిది కాదు. మా మనుమడు నొప్పి ఎక్కువైన రోజున బిళ్ళలు కూడా ఎక్కువ వేసుకొనేవాడట. కడుపు పాడై వారము రోజులు మైదానము మొగము చూడలేదు.

ఇ విటమిను, బీటా కెరోటినుల సంగతి ఇంకా జాగ్రత్తగా వినవలెను. ఫిన్లండు దేశములో 29,133 మంది పొగత్రాగే మగవారిమీద చేసిన పరీక్షా ఫలితములు 1994లో వెలువడినవి. బీటా కెరోటిను బిళ్ళలు ఊపిరితిత్తుల క్యాన్సరును తగ్గిస్తాయని ఆశించారు. తీరా చూస్తే ఆ బిళ్ళలు తిన్నవారిలో అది 18 శాతము ఎక్కువగా వచ్చింది. 35,533 మంది మగవారిమీద మరొక పరీక్ష జరిగింది. అందులో రోజుకు 400 యూనిట్ల ఇ విటమిను మింగినవారిలో ప్రోస్టేటు క్యాన్సరు 17 శాతము ఎక్కువగా వచ్చినట్లు 2011లో తేలింది. రక్తము పలుచబడే మందులు వాడే పెద్దవారికి ఇ విటమిను పెద్ద మోతాదు మరొక ప్రమాదము, రక్తస్రావము. క్యారట్టు తింటే ఈ భయమేమీ లేదు. బిళ్ళ వేరు, పండు వేరు.

న్యాయము రెండు వైపులా చూడాలి. మారథాను పరుగు పెట్టేవారు, మంచు దేశాలలో కఠిన శిక్షణ పొందే సైనికులు మొదలైన 598 మందిమీద జరిగిన అయిదు పరీక్షలలో, సి విటమిను తీసుకొన్నవారికి జలుబు సగానికి సగము తగ్గింది. అంతటి శ్రమ చేసేవారికి అది ఉపయోగపడవచ్చును. అది జలుబు సంగతి, కండరపు నొప్పి సంగతి కాదు. మరొక ముఖ్యమైన మనవి. వైద్యులు పరీక్షించి, లోపము ఉన్నదని చెప్పి ఇచ్చిన మాత్రలను మా ప్రసంగము విని ఎవరూ మానరాదు. గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఇనుము, ఫోలికామ్లపు మాత్రలను అసలే మానరాదు. అవి సుబ్బారావుగారి ప్రసాదము అనుకొని వేసుకోవాలి. పక్కనున్న చత్రపట్టిలో గాయాలకు కట్టే బట్ట నేస్తున్నారు. గాయము ఉన్నవానికి ఆ కట్టు ప్రాణము. గాయము లేని కాలికి గజాలకొద్దీ చుట్టుకొంటే నడక చెడుతుంది.

అయితే ఏమి తినాలి? దీనికి మనము దూరము వెళ్ళనక్కరలేదు. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిను ఉన్నది. ఒక మాదిరి జామకాయ తింటే ఆ రోజు బాకీ తీరినట్లే. ఉసిరికాయలో పాత పట్టికలు 600 అన్నవి, పోషకాహార సంస్థ వారి 2017 పట్టిక సుమారు 250 అన్నది. ఏ లెక్క తీసుకొన్నా ఉసిరికాయలో సి విటమిను దండిగా ఉన్నట్లే. మునగాకు ఇంటి వెనకనే ఉన్నది. నిమ్మకాయలకు పుళియంగుడి మనకు పొరుగూరు. మామిడికి మన తోటలే చాలును. ఇ విటమిను వేరుశనగలో ఉన్నది. వంటలో రెండు మూడు జాగ్రత్తలు చాలును. ఆకుకూర తరగకముందే కడగాలి, తరిగిన తరువాత కాదు. మూత పెట్టి కొద్దిసేపే ఉడికించాలి. నిమ్మరసము పొయ్యిమీద ఉండగా కాక, దించి చల్లారిన తరువాత పిండాలి. వేడి సి విటమినుకు శత్రువు.

కండను కట్టేది మాత్రము మాంసకృత్తులు. పెద్దవారికి ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు సుమారు 0.83 గ్రాములు కావాలని మన దేశపు లెక్క. బరువు పని, గట్టి సాధన చేసేవారికి ఇంకా కొంత ఎక్కువ కావాలి. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, మొలకెత్తిన పెసలు, ఉలవలు, తినేవారికి చేప, మాంసము, ఇవే ఆ దినుసులు. మా మనుమని ఇంట్లో మానిపించినవి ఇవే అని మీకు ఇప్పుడు అర్థమయి ఉంటుంది. చిట్లిన పోగు కట్టటానికి నూలు మానిపించి, సైరను నోరు మూయటానికి డబ్బు పోశారు!

వీరఘట్టములో పుట్టి, 1942లో పరమపదించిన కోడి రామమూర్తినాయుడుగారిని తలచుకోండి. కలియుగ భీముడని లోకము పొగిడిన ఆ బలశాలి కాలములో బిళ్ళల డబ్బాలు లేవు. అందుచేత బిళ్ళలు అక్కరలేదని ఋజువైనట్లు కాదు, అది తర్కము కాదు. కాని చిన్ననాటి నుండి విడువని సాధన, తగిన తిండి, తగిన నిద్ర, ఈ మూడూ ఏనాటికీ పాతబడలేదు.

నొప్పి తగ్గటానికి మా అనుభవమూ, శాస్త్రమూ ఒప్పుకొన్న మాటలు నాలుగు చెప్పి ముగిస్తాము. మొదటిది, సాధన కొద్దికొద్దిగా పెంచాలి. ఒకసారి కొండ దిగి నొప్పి పడిన కాలు, కొన్ని వారాలలోపల మళ్ళీ దిగితే అంత నొప్పి పడదు. శరీరము పాఠము నేర్చుకొంటుంది. చతురగిరికి నెలనెలా వెళ్ళే పెద్దలు ఈరోజు తిన్నగా నడుస్తున్నారు, ఏడాదికొకసారి వెళ్ళే కుర్రవాళ్ళు కుంటుతున్నారు, గమనించారా? రెండవది, నొప్పి ఉన్న రోజున మంచము పట్టక, మెల్లగా నడవాలి. మూడవది, నిద్ర. కండ మరమ్మతుకు నిద్రను మించిన మేస్త్రీ లేడు. రాత్రి ఒంటిగంటదాకా చేతిలో ఫోను పట్టుకొని, తెల్లవారి బిళ్ళ మింగే యువకులు దీనిని మనసున పెట్టాలి. నాల్గవది హెచ్చరిక. విపరీతమైన కసరత్తు చేసిన తరువాత కండ వాచి, భరించరాని నొప్పి పుట్టి, మూత్రము నల్లని టీ రంగులో వస్తే, అది మామూలు నొప్పి కాదు. కండరము కరిగి మూత్రపిండములకు చేటు తెస్తున్న గుర్తు కావచ్చును. ఒక గంట కూడా ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొని వెళ్ళాలి.

మా మనుమని కథ ఏమయిందని అడుగుతారు. మొదటిసారి పరుగులో కొద్ది క్షణాల తేడాలో తప్పిపోయాడు. బిళ్ళలవల్లనే తప్పాడని మేము అనము, ఒక్కరిని చూసి శాస్త్రము చెప్పరాదు. ఇప్పుడు పాలూ, గుడ్డూ మళ్ళీ వస్తున్నవి. మళ్ళీ పరుగెడుతున్నాడు. పక్కన మేము పాత ఈల పట్టుకొని నిలబడుతున్నాము. నెగ్గుతాడో లేదో రాబోయే పరీక్ష చెపుతుంది. మొన్న మా అమ్మాయి ‘మిగిలిన డబ్బా ఏమి చేయమంటావు, పెదనాన్నా?’ అని అడిగింది. ‘బిళ్ళలు పారవేసి, అందులో వేయించిన వేరుశనగలు పోసి వానికియ్యమ్మా’ అన్నాము. ఇప్పుడు ఆ డబ్బా నెలకు నాలుగుసార్లు ఖాళీ అవుతున్నదట!

పొద్దున మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. చేదుగా ఉన్నదని వేపపువ్వు ఏరివేసి తిన్న పిల్లలను తల్లులు కసిరారు. కసరత్తు తరువాతి నొప్పి కూడా ఆ వేపపువ్వు వంటిదే. దానిని ఏరివేయాలని చూడకండి. పక్కనే బెల్లమూ ఉన్నది, మామిడికాయా ఉన్నది. అన్నీ కలిపి తింటేనే పచ్చడి.

వచ్చే అమావాస్యకు కొండకు వెళ్ళేవారు మమ్మల్ని కూడా పిలవండి. నెమ్మదిగా ఎక్కుదాము, ఇంకా నెమ్మదిగా దిగుదాము. ఈ మాటలు అచ్చులో వచ్చినప్పుడు, తెలుగు చదవటము రాని పిల్లలకు పెద్దలు చదివి వినిపించండి.